టెంపరరీ అంటే ఎంతకాలం? ‘తాత్కాలికం’ అంటూనే ‘నిరవధికంగా కొనసాగవచ్చు’ అనడంలో అర్థమేమిటి?

తెనాలి వాణి

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగానికి ఎంపికయ్యాడు. ఇంకా చేరలేదు. ప్రకటన ఇంగ్లిషులో ఉంది. అందులో పోస్టు స్వభావాన్ని వివరించే వాక్యం మా ఇంట్లో పెద్ద చర్చకు దారితీసింది. తెలుగులో చెప్పాలంటే ‘ఈ పోస్టు టెంపరరీ, అయితే నిరవధికంగా కొనసాగే అవకాశం ఉంది’ అని.

నాన్నగారు తెలుగు ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరయ్యారు. తాత్కాలికం అన్నాక నిరవధికం ఎలా అవుతుంది, రెండింటిలో ఒకటి అబద్ధమై ఉండాలి అని ఆయన వాదన. తమ్ముడు ఇప్పుడున్న ప్రైవేటు సంస్థలో పర్మనెంటు ఉద్యోగి. దాన్ని వదిలి తాత్కాలిక పోస్టులోకి వెళ్తాడా అని అమ్మ బెంగ.

టెంపరరీ అనే మాటలో ‘కొద్దికాలం’ అనే అర్థం తప్పనిసరిగా ఉందా? ఉన్నా లేకపోయినా, ఈ వాక్యాన్ని నాన్నగారు ఒప్పుకొనే తెలుగులో ఎలా రాయాలి?

మధురవాడ మూర్తి

వాణి గారూ, మీ నాన్నగారి మాటే సరైనది. తాత్కాలికం అంటే కొద్దికాలం. రోడ్డు మరమ్మతుకు తాత్కాలికంగా రాకపోకలు ఆపితే రెండు మూడు రోజులని అందరికీ తెలుసు. నిరవధిక సమ్మె అంటే ఎప్పుడు ముగుస్తుందో తెలియనిది. ఈ రెండు మాటలు పక్కపక్కన పెట్టడం ప్రకటన రాసినవారి నిర్లక్ష్యం. అలాంటి ఉద్యోగం కోసం చేతిలో ఉన్నది వదలవద్దని చెప్పండి.

పాత ఫైళ్లు

అమ్మా వాణీ, తొందరపడి తమ్ముడిని ఆపవద్దు. నేను సర్వీసంతా ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్‌లో, అంటే ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు చూసే విభాగంలో పనిచేశాను. ఆ వాక్యం నిర్లక్ష్యంతో రాసింది కాదు. ప్రభుత్వ పరిభాషలో దానికి కచ్చితమైన అర్థం ఉంది.

ప్రభుత్వ ఉద్యోగుల మూల సర్వీసు నియమాలైన ఫండమెంటల్ రూల్స్‌లో 9(22), 9(30) చూడండి. నిర్దిష్ట వేతనంతో, కాలపరిమితి లేకుండా మంజూరైనది శాశ్వత పోస్టు. నిర్దిష్ట వేతనంతో, పరిమిత కాలానికి మంజూరైనది తాత్కాలిక పోస్టు. నిర్వచనంలో ఉన్న తేడా అంతే. ‘కొద్దికాలం’ అనే మాట ఎక్కడా లేదు. ఆ పరిమితి ఆరు నెలలు కావచ్చు, ఐదేళ్లు కావచ్చు. గడువు ముగిసే ముందు కొనసాగింపు ఉత్తర్వులు వస్తాయి. మళ్లీ గడువు, మళ్లీ ఉత్తర్వులు. ఒక పథకం కోసం సృష్టించిన పోస్టులు ఆ పథకం పేరు మారి, శాఖ మారి, అధికారులు మారినా అలాగే కొనసాగుతూ వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. ప్రతి పొడిగింపు ఫైలులోనూ వాటి పేరు తాత్కాలిక పోస్టులే. అందుకే ప్రకటనల్లో ఆ రెండో ముక్క చేరుస్తారు. మంజూరుకు గడువు ఉంది కాబట్టి టెంపరరీ. ఎన్నిసార్లు పొడిగిస్తారో ముందే తేదీ వేసి చెప్పలేరు కాబట్టి నిరవధికం.

ఇంకో ముఖ్యమైన సంగతి. పోస్టు తాత్కాలికం కావడం వేరు, నియామకం తాత్కాలికం కావడం వేరు. తాత్కాలిక పోస్టులోకి కూడా పోటీ పరీక్ష ద్వారా పూర్తి నిబంధనల ప్రకారం ఎంపిక చేస్తారు. ఆ ఉద్యోగి ప్రొబేషన్ అనే పరిశీలన కాలం పూర్తిచేస్తాడు, కన్ఫర్మ్ అవుతాడు, అంటే ఉద్యోగం ఖాయమవుతుంది. కేంద్ర ప్రభుత్వంలో 1988 నుంచి శాశ్వత పోస్టు ఖాళీగా ఉంటేనే కన్ఫర్మ్ చేయాలన్న నియమాన్ని తీసేశారు. అంతకుముందు శాశ్వత పోస్టు ఖాళీ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ తాత్కాలిక ఉద్యోగిగానే ఉండిపోయినవారు ఉండేవారు.

మధురవాడ మూర్తి

పాత ఫైళ్లు గారూ, నిర్వచనం బాగుంది. కానీ అది గుమాస్తాల భాష. మామూలు మనిషి ఇంగ్లిషులోనైనా తెలుగులోనైనా ఆ మాట వినగానే ‘త్వరలో పోతుంది’ అనే అనుకుంటాడు కదా?

లండన్ లక్ష్మి

మామూలు ఇంగ్లిషులో కూడా ఆ మాటకు ప్రధానార్థం ‘శాశ్వతంగా ఉండటానికి ఉద్దేశించనిది’ అనే. చాలాసార్లు అది కొద్దికాలమే అవుతుంది కాబట్టి మన మనసులో ఆ అర్థం అతుక్కుపోయింది. లాటిన్‌లో కాలాన్ని సూచించే టెంపుస్ నుంచి వచ్చిన మాట ఇది. కొంతకాలానికి సంబంధించినది అని చెబుతుంది. ఆ కాలం ఎంత పొడవో మాట చెప్పదు, సందర్భం చెప్పాలి.

ఉదాహరణకు ఇక్కడ బ్రిటన్‌లోని ఆదాయపు పన్ను. ఫ్రాన్స్‌తో యుద్ధాల నాటి ఖర్చు కోసం 1799లో తాత్కాలికంగా పెట్టారు. తరువాత ఎత్తేశారు. 1842లో ప్రధాని రాబర్ట్ పీల్ మూడేళ్ల కోసమని మళ్లీ తెచ్చారు. ఇప్పటికీ చట్టం దృష్టిలో అది ఏడాదికోసారి ఏప్రిల్ 5న ముగిసిపోయే పన్ను. ప్రతి ఏటా పార్లమెంటు ఫైనాన్స్ చట్టంతో కొత్తగా విధిస్తుంది. దీన్ని కొద్దికాలపు పన్ను అని ఎవరూ అనలేరు. తాత్కాలికం కాదని కూడా అనలేరు.

పారిస్‌లో ఈఫిల్ టవర్ కూడా అంతే. 1889 ప్రదర్శన కోసం 20 ఏళ్ల అనుమతితో కట్టారు. గడువు తీరాక విప్పేయవలసింది. రేడియో సంకేతాలకు పనికొస్తుందని ఉంచారు.

వార్తల డెస్క్

వాణి గారి ప్రశ్న నాకు వృత్తిరీత్యా దగ్గరిది. పత్రికలో అనువాదాలు చేసేవాళ్లం ఈ విషయంలో తెలుగుకు చాలా అన్యాయం చేస్తున్నామని నా అభిప్రాయం. ఇంగ్లిషులో టెంపరరీ, ఇంటరిమ్, ప్రొవిజనల్, యాక్టింగ్, అడ్‌హాక్ అని ఐదు వేర్వేరు మాటలుంటే, హడావుడిలో అన్నింటికీ ‘తాత్కాలిక’ అని వేసేస్తాం. పాఠకుడికి అసలు సంగతి అందదు.

హైకోర్టు యాక్టింగ్ చీఫ్ జస్టిస్‌ను తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి అంటాం. రాజ్యాంగంలోని 223వ అధికరణ ప్రకారం ఆ పదవి ఖాళీ అయినప్పుడు విధులు నిర్వహించే న్యాయమూర్తి ఆయన. ఆయన న్యాయమూర్తి పదవిలో తాత్కాలికత ఏమీ లేదు. ఆ బాధ్యత మాత్రమే కొత్తవారు వచ్చేవరకు.

వెలగపూడి భవనాల అధికారిక ఇంగ్లిషు పేరులో ఉన్నది ఇంటరిమ్ అనే మాట. మనం మొదటి రోజు నుంచీ తాత్కాలిక సచివాలయం అనే రాశాం. ఇంటరిమ్ అంటే రెండింటి నడుమది. ముందొకటి ఉంది, తరువాత ఒకటి రావాలి, ఆ సందును నింపేది. న్యాయస్థానాల వార్తల్లో మాత్రం మధ్యంతర ఉత్తర్వులు అని చక్కగా రాస్తాం. తుది తీర్పు వచ్చేవరకు ఉండేవి అని ఆ మాటలోనే ఉంది. అదే పద్ధతి ఇతర చోట్ల ఎందుకు పాటించమో నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

పోటీ పరీక్షల విషయంలో తెలుగు పత్రికలు మంచి దారి కనుక్కున్నాయి. జవాబుల ప్రొవిజనల్ కీని ‘ప్రాథమిక కీ’ అనీ, అభ్యంతరాలు పరిశీలించాక వచ్చేదాన్ని ‘తుది కీ’ అనీ రాస్తున్నాం. అక్కడ విషయం కాలం కాదని, నిర్ధారణ అని గ్రహించారన్నమాట.

ఇక ఆపద్ధర్మ ప్రభుత్వం. కేర్‌టేకర్ అనే మాటకు మహాభారతం శాంతిపర్వంలోని ఆపద్ధర్మాన్ని తెచ్చి అతికించినవారికి నమస్కరించాలి. రాజీనామా చేశాక కూడా పాలన ఆగకుండా చూడవలసిన పరిస్థితిని, దాని పరిమితులను, ఒక్క మాటలో చెప్పారు.

లండన్ లక్ష్మి

ప్రొవిజనల్ గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. ఇక్కడ డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లకు ఇచ్చేది ప్రొవిజనల్ లైసెన్సు. ఆ కార్డు 10 ఏళ్లు చెల్లుతుంది. పదేళ్లున్నా అది ప్రొవిజనలే, ఎందుకంటే పరీక్ష నెగ్గేవరకు ఒంటరిగా కారు నడపకూడదు. కాలంతో దానికి సంబంధం తక్కువ, షరతుతోనే సంబంధం.

పాతనగరం

ఉర్దూలో దీనికి ఆర్జీ అంటారు. మనం దరఖాస్తుకు వాడే అర్జీతో కలపకూడదు, అది వేరే మాట. 1943 అక్టోబరు 21న సింగపూర్‌లో నేతాజీ ప్రకటించిన ప్రభుత్వం పేరు ఆర్జీ హుకూమతె ఆజాద్ హింద్. ఇంగ్లిషులో దాన్ని ప్రొవిజనల్ ప్రభుత్వం అన్నారు. దేశం విముక్తమయ్యాక ప్రజలు ఎన్నుకునే ప్రభుత్వం వచ్చేవరకు అని అక్కడ భావం. తెలుగులో తాత్కాలిక ప్రభుత్వం అని చదువుకున్నప్పుడు ఆ ఎదురుచూపు నాకు కనిపించలేదు.

పంచాంగం

‘తాత్కాలిక’ అనే మాటనే ఒకసారి విప్పి చూద్దాం. తత్ అంటే ఆ, కాలం అంటే కాలమే. ‘ఇక’ అనే ప్రత్యయం చేరితే మొదటి అచ్చుకు వృద్ధి వచ్చి, అంటే ‘అ’ కాస్తా ‘ఆ’ అయి, తాత్కాలికం అవుతుంది. సమాజం సామాజికం అయినట్లు, సంవత్సరమనే అర్థంలోని వర్షం వార్షికం అయినట్లు. అంటే ‘ఆ కాలానికి చెందినది’. ఇందులో చిన్న పెద్ద అనే కొలత ఎక్కడుంది?

జ్యోతిషంలో గ్రహాలకు నైసర్గిక మైత్రి, తాత్కాలిక మైత్రి అని రెండు చెబుతారు. నైసర్గికం ఎప్పుడూ మారదు. తాత్కాలికం జనన సమయంలో గ్రహాలున్న స్థానాలను బట్టి వస్తుంది. ఒక గ్రహం ఉన్న రాశి నుంచి 2, 3, 4, 10, 11, 12 స్థానాల్లో ఉన్నవి దానికి తాత్కాలిక మిత్రులు, మిగిలిన చోట్ల ఉన్నవి తాత్కాలిక శత్రువులు. మూర్తి గారూ, ఇది గమనించండి. ఆ తాత్కాలిక మైత్రి ఆ జాతకుడికి జీవితాంతం ఉంటుంది. జాతకాలను నమ్మినా నమ్మకపోయినా, శాస్త్రకారులు ఆ మాటను వాడిన తీరు ఇది. ఖగోళంలో కూడా భాస్కరాచార్యుడు 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో తాత్కాలిక గతి గురించి చెప్పాడు. ఒక క్షణంలో గ్రహానికి ఉన్న వేగం అది. ఒకచోట జీవితకాలం, మరొకచోట క్షణం. రెండింటికీ ఒకే మాట.

వార్తల డెస్క్

పంచాంగం గారూ, అందుకే రైల్వేవారి తత్కాల్ టికెట్ మనవాళ్లలో కొందరిని మొదట్లో తికమక పెట్టింది. హిందీలో తత్కాల్ అంటే వెంటనే. ప్రయాణానికి ముందురోజు ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, మిగతా వాటికి 11 గంటలకు ఇచ్చే అత్యవసర టికెట్ అది. హిందీలో తాత్కాలిక్ కూడా తక్షణం అనే వైపే మొగ్గుతుంది. టెంపరరీకి వాళ్లు అస్థాయీ అంటారు. కన్నడం, మలయాళం మనలాగే తాత్కాలికను టెంపరరీ అర్థంలో వాడతాయి, తమిళంలోనూ చిన్న ఉచ్చారణ భేదంతో ఇదే మాట. హిందీ ప్రకటనలు చూసి అనువదించేవాళ్లు ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. ‘తాత్కాలిక్ సహాయం’ అంటే తక్షణ సాయం. దాన్ని తాత్కాలిక సాయం అని రాస్తే వరద బాధితుడు మనసు కష్టపెట్టుకుంటాడు.

నల్లకోటు

న్యాయవాదిగా నాకు ఈ మాట మీద ప్రత్యేకమైన ఆసక్తి ఉంది. రాజ్యాంగంలో 21వ భాగం మొత్తం దీని మీదే ఉంది. మొదట్లో దాని శీర్షిక ‘తాత్కాలిక, పరివర్తన కాలపు నిబంధనలు’ అని అర్థం వచ్చేలా ఉండేది. 1962లో 13వ సవరణతో ‘ప్రత్యేక’ అనే మాట కూడా చేర్చారు. మన రెండు రాష్ట్రాల స్థానిక రిజర్వేషన్లకు ఆధారమైన 371డి ఆ భాగంలోనే ఉంది. 1973 నాటి 32వ సవరణతో వచ్చింది. దాని శీర్షికలో మాత్రం ప్రత్యేక నిబంధనలు అని ఉంది, టెంపరరీ అని లేదు. కొందరు ఆ భాగం పేరు చూసి 371డి కూడా తాత్కాలికమే అనుకుంటారు. అధికరణ శీర్షిక కూడా చదవాలి.

370వ అధికరణ శీర్షికలో టెంపరరీ అని స్పష్టంగా ఉంది. రాజకీయ వాదాలను పక్కన పెట్టి, ఆ ఒక్క విశేషణం న్యాయస్థానాల్లో ఎన్ని మలుపులు తిరిగిందో చూడండి. దానిని ఎత్తేయాలంటే జమ్మూ కశ్మీర్ రాజ్యాంగ సభ సిఫారసు కావాలని అందులో ఉండేది. ఆ సభ 1957 జనవరిలో ముగిసిపోయింది. మరి సిఫారసు చేసేవారు లేనప్పుడు ఆ నిబంధన తాత్కాలికంగా మిగులుతుందా, శాశ్వతమైపోతుందా? 1968లో సంపత్ ప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు అది ఇంకా అమల్లో ఉందని చెప్పింది. 2016లో సంతోష్ గుప్తా కేసులో, శీర్షిక ఏమన్నా అది తాత్కాలికం కాదని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అభిప్రాయపడింది. 2023 డిసెంబరు 11న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం అది తాత్కాలిక నిబంధనే అని తేల్చి, దాన్ని ఎత్తేసిన 2019 నాటి నిర్ణయాన్ని సమర్థించింది. ఏ తీర్పూ ఏళ్లు లెక్కపెట్టి తాత్కాలికమా కాదా అని చెప్పలేదు. ఎందుకు పెట్టారు, దేనికోసం ఎదురుచూస్తోంది, ముగించే అధికారం ఎవరికి ఉంది అన్నవే చూశారు.

దీనికి భిన్నంగా తేదీతో రాసిన నిబంధనలు ఉంటాయి. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం ఐదో సెక్షన్ హైదరాబాద్‌ను పదేళ్లకు మించని కాలానికి ఉమ్మడి రాజధాని చేసింది. 2024 జూన్ 2తో అది ముగిసింది. అక్కడ వాదించడానికి ఏమీ మిగలలేదు. 343వ అధికరణ ఇంగ్లిషుకు 15 ఏళ్ల గడువు ఇచ్చింది, అయితే ఆ తరువాత కూడా కొనసాగించే అధికారం పార్లమెంటుకు వదిలింది. 1963 అధికార భాషల చట్టం ఆ పని చేసింది. గడువు ఉండటం ఒకటి, గడువును పొడిగించే ద్వారం తెరిచి ఉంచడం మరొకటి.

మధురవాడ మూర్తి

నల్లకోటు గారూ, చట్టాల సంగతి ఒప్పుకుంటాను. కానీ అసలు బాధ వేరే ఉంది. మా వీధిలో ఒకాయన ఒక స్థానిక సంస్థలో తాత్కాలిక ప్రాతిపదికన చేరి, అదే పనిలో జుట్టు నెరిసేవరకు ఉన్నాడు. సెలవు లేదు, పెన్షన్ లేదు. టెంపరరీలో కొద్దికాలం లేదని మీరంతా చెబుతుంటే, యజమానికి అది ఎంతకాలమైనా వాడుకునే సాకు అవుతోందని నా భయం. మాటను సరిగ్గా అర్థం చేసుకోవడం వల్ల కూలివాడికి ఒరిగిందేమిటి?

నల్లకోటు

న్యాయమైన ప్రశ్న. 2006లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం, నిబంధనల ప్రకారం ఎంపిక కాని తాత్కాలిక, కాంట్రాక్టు, దినవేతన ఉద్యోగులకు శాశ్వతం చేయమని కోరే హక్కు లేదని చెప్పింది. మంజూరైన పోస్టుల్లో పదేళ్లకు పైగా, కోర్టు ఉత్తర్వుల ఆసరా లేకుండా పనిచేసినవారిని మాత్రం ఒక్కసారికి క్రమబద్ధీకరించవచ్చని వెసులుబాటు ఇచ్చింది. ఆ తీర్పులోని మొదటి సగాన్ని మాత్రమే పట్టుకుని చాలామందిని తిప్పి పంపారు. 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టు ఈ ధోరణిని తప్పుపట్టింది. కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి శుభ్రత పనులు చేసిన మహిళలు తదితరుల కేసు అది. పని నిరంతరం అవసరమైనదైతే, మనిషికి తాత్కాలికం అనే ముద్ర వేసి హక్కులు ఎగ్గొట్టడం కుదరదని చెప్పి, వారిని క్రమబద్ధీకరించమని ఆదేశించింది.

మీ వీధి ఆయన విషయంలో అడగవలసింది ఇదే. ఏది తాత్కాలికం? పనా, పోస్టా, మనిషా? పని ముగిసేది కాకపోతే మనిషిని మాత్రం తాత్కాలికం అనడం ఎలా కుదురుతుంది? మాట అర్థం తెలిస్తేనే ఈ ప్రశ్న అడగగలం.

డాలస్ నుంచి

ఈ చర్చ చదువుతుంటే నా జీవితం గురించే మాట్లాడుతున్నట్లుంది. అమెరికా చట్టం దృష్టిలో హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లం తాత్కాలికంగా వచ్చిన ఉద్యోగులం. మొదట మూడేళ్లు, మొత్తం ఆరేళ్లు. గ్రీన్ కార్డు ప్రక్రియలో ఒక దశ దాటి, దేశాలవారీ పరిమితి వల్ల వరుసలో ఆగిపోయినవాళ్లకు ఆ తరువాత మూడేసి ఏళ్ల చొప్పున పొడిగింపులు. భారత్‌లో పుట్టినవారి వరుస ఎంత పొడవో ఇక్కడి తెలుగు కుటుంబాల్లో తెలియనివారు లేరు. ఇక్కడే పిల్లలు పుట్టి, పెరిగి, కాలేజీకి వెళ్తున్నా తల్లిదండ్రుల హోదా తాత్కాలికమే.

గ్రీన్ కార్డు వచ్చినవాళ్లు చట్టరీత్యా శాశ్వత నివాసులు. ఆ కార్డు మీద మాత్రం 10 ఏళ్ల గడువు ఉంటుంది. కార్డుకు గడువు ఉంది, హోదాకు లేదు. మా ఊళ్లో బంధువులు ‘పదేళ్లకే ఇచ్చారా’ అని అడుగుతారు. వివరించడం కష్టం.

తాత్కాలికం అంటే చిన్నది కాదని ఇక్కడ పుస్తకం తెరవకుండానే నేర్చుకుంటాం. ఉద్యోగం పోతే 60 రోజుల్లో మరొకటి వెతుక్కోవాలి, లేదా వేరే దారి చూసుకోవాలి. ఇన్నేళ్లు ఇక్కడే ఉన్నామన్నది అప్పుడు లెక్కలోకి రాదు.

దంతవైద్యురాలు

మా వృత్తిలో ఈ మాటను రోగులు తేలిగ్గా తీసుకోవడం వల్ల జరిగే నష్టం చెప్పాలి. రూట్ కెనాల్ చేశాక కొన్నిసార్లు టెంపరరీ ఫిల్లింగ్ పెట్టి, తరువాత రమ్మంటాం. నొప్పి పోయింది కదా, పన్ను నిండింది కదా అని చాలామంది తిరిగి రారు. ఆ పదార్థం నమలడానికి ఎక్కువ కాలం తట్టుకోదు. అరుగుతుంది, అంచుల దగ్గర నుంచి లాలాజలం, సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి, చేసిన వైద్యమంతా పాడవుతుంది. అందుకే నేను తాత్కాలికం అనను. ‘ఇది అసలు ఫిల్లింగ్ పెట్టేవరకు కాపలా మాత్రమే’ అంటాను. అప్పుడు తిరిగి వస్తారు.

వైద్యంలో ట్రాన్సియెంట్ అని మరో మాట ఉంది, దానంతట అది తగ్గిపోయేది అని. కాసేపు చెయ్యి పడిపోయి, మాట తడబడి, తిరిగి మామూలైతే దాన్ని ట్రాన్సియెంట్ ఇస్కీమిక్ అటాక్ అంటారు. జనం మినీ స్ట్రోక్ అంటారు. పోయింది కదా అని ఊరుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అసలు పక్షవాతం వెనుకే రావచ్చు. ట్రాన్సియెంట్‌ను కూడా తాత్కాలికం అని అనువదించిన ఆరోగ్య వ్యాసాలు చూశాను. అది ప్రమాదకరం. ‘వచ్చిపోయే’ అనండి, ఆ వెంటనే ‘అయినా అత్యవసరం’ అని కూడా రాయండి.

సర్వర్ గది

వెబ్‌సైట్లలో కూడా ఇదే భేదం పనిచేస్తుంది. ఒక పేజీ వేరే చోటికి మారినప్పుడు సర్వర్ 301 అని చెబితే శాశ్వతంగా మారిందని, 302 లేదా 307 అని చెబితే తాత్కాలికంగా మారిందని అర్థం. 301 అంటే బ్రౌజర్ కొత్త చిరునామానే గుర్తుపెట్టుకుని, పాతదాన్ని అడగడం మానేయవచ్చు. 302 అంటే ప్రతిసారీ పాత చిరునామానే అడగాలి. ఎన్నాళ్లు అన్న అంకె ఎక్కడా రాయరు. అక్కడ టెంపరరీ అనే మాట ‘పాతదాన్ని మరిచిపోవద్దు’ అనే ఆదేశంగా పనిచేస్తుంది.

గోదావరి గట్టు

చిన్న సందేహం. మా ఆఫీసులో అందరూ ‘టెంపరవరీ’ అంటారు. అది సరైనదేనా?

లండన్ లక్ష్మి

మధ్యలో వకారం లేదండీ. ఇక్కడివాళ్లు ‘టెంప్రరీ’ అని మూడు అక్షరాల్లో ముగిస్తారు. అమెరికావాళ్లు ‘టెంపరెరీ’ అంటారు. రెండు రకారాలు వెంటవెంటనే పలకడం కష్టమై మనవాళ్ల నోట ఆ వకారం వచ్చి చేరింది. తెలుగులో రాసేటప్పుడు టెంపరరీ అని రాస్తే చాలు.

పాత ఫైళ్లు

వాహనాల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఒక ముక్క. కొత్త బండికి మొదట వచ్చేది టీఆర్, అంటే టెంపరరీ రిజిస్ట్రేషన్. ఆ తరువాత వచ్చేదాన్ని మనం పర్మనెంటు నంబరు అంటాం. సొంత వాహనానికి ఆ రిజిస్ట్రేషన్ చెల్లేది 15 ఏళ్లు. తరువాత మళ్లీ తనిఖీ చేయించి పునరుద్ధరించుకోవాలి. పర్మనెంటు అన్నచోట కూడా గడువు ఉందన్నమాట. వాణి తమ్ముడి ప్రైవేటు ఉద్యోగం కూడా ఈ దృష్టితో చూడాలి. నియామక పత్రంలో పర్మనెంటు అని రాసి, కింద రెండు నెలల నోటీసుతో ఎవరైనా తెంచుకోవచ్చని రాసి ఉంటే, ఆ మాటకు ఎంత బరువుందో ఆలోచించండి.

తెనాలి వాణి

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి ఈ చర్చంతా చదివి వినిపించాను. పంచాంగం గారి గ్రహ మైత్రి దగ్గర ఆయన ఆగి, రెండోసారి చదవమన్నారు. ఆ తరువాత తనే వాక్యం చెప్పారు. ‘ఈ పోస్టు పరిమిత కాలానికి మంజూరైనది. గడువు ముగిసినప్పుడల్లా పొడిగిస్తూ, ముగింపు తేదీ లేకుండా కొనసాగించే అవకాశం ఉంది.’ ఇందులో తాత్కాలికం అనే మాటే లేదు. సరిపోతుందా?

వార్తల డెస్క్

చాలా బాగుంది. నేనైతే ‘ముగింపు తేదీ లేకుండా’ బదులు ‘ముగింపు తేదీ ముందుగా చెప్పకుండా’ అంటాను. తేదీ లేకపోవడం వేరు, చెప్పకపోవడం వేరు. ‘అవకాశం’ అనే మాటను ఇంకొంచెం గట్టిగా ‘కొనసాగవచ్చునని భావిస్తున్నారు’ అనవచ్చేమో. హామీ ఇస్తున్నట్లు మాత్రం రాయకూడదు, మూలంలో హామీ లేదు.

మధురవాడ మూర్తి

మీ నాన్నగారి వాక్యం నాకు నచ్చింది. నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. ప్రభుత్వం అంత పొడవు వాక్యం రాయదు, తాత్కాలికం అని ఒక్క మాట రాస్తుంది. చదివేవాడు కొద్దికాలం అనే అనుకుంటాడు. కనీసం గడువు ఎంతో అదే వరుసలో రాయాలన్న నియమం ఉండాలి.

పాత ఫైళ్లు

మూర్తి గారి మాటతో ఏకీభవిస్తున్నాను. మంజూరు ఉత్తర్వులో గడువు తేదీ తప్పకుండా ఉంటుంది. దాన్ని ప్రకటనలో కూడా వేయడానికి ఏ ఇబ్బందీ లేదు.

వాణీ, తమ్ముడి చేత ఇవి చూపించు. ప్రకటనలో ప్రొబేషన్ ఎంతకాలమో రాసి ఉందా? వేతనం పే మ్యాట్రిక్స్ అనే ప్రభుత్వ జీతాల పట్టికలోని లెవల్‌లో చెప్పారా, లేక ఏకమొత్తంగా నెలకు ఇంత అని రాశారా? జాతీయ పెన్షన్ వ్యవస్థ ప్రస్తావన ఉందా? ప్రొబేషన్, పే లెవల్, పెన్షన్ మూడూ ఉంటే అది తాత్కాలిక పోస్టులో క్రమబద్ధమైన నియామకం. ఏకమొత్తం జీతం, ఏడాది ఒప్పందం అని ఉంటే అది వేరే వ్యవహారం. ఇంకొకటి, 1965 నాటి తాత్కాలిక సర్వీసు నియమాల కింద కన్ఫర్మ్ కాని ఉద్యోగిని నెల నోటీసుతో తొలగించే వీలుంది. కాబట్టి కన్ఫర్మేషన్ ఉత్తర్వు చేతికి వచ్చేవరకు ఫైలు కదులుతోందో లేదో అడుగుతూ ఉండమను.

తెనాలి వాణి

ఇప్పుడే చూశాం. ప్రొబేషన్ రెండేళ్లు అని ఉంది, పే లెవల్ ఉంది, పెన్షన్ వ్యవస్థ ప్రస్తావన మూడో పేజీలో ఉంది. వచ్చే నెల చేరుతున్నాడు.